లాట్ ఇరవై తొమ్మిది

సైలస్‌ని చంపింది హిమాలయాల లోయ కాదు. పలాస జీడినూనె.

ఫైల్లో మాత్రం "డ్రైవర్ తప్పిదం" అని రాశారు. దిగుడులో ఆర్మీ ట్రక్కు బ్రేకులు పట్టలేదు. పదకొండు మంది జవాన్లు పోయారు. నింద స్టీరింగ్ పట్టుకున్న సైలస్ మీద పడింది. టెక్కలిలో ఆ శవపేటికకు భుజం పట్టినవాళ్ళలో అక్క దోర్కాస్ ఉంది. ఆమె ఏజెంట్ సెవెన్‌టీన్.

"ఈ అసైన్‌మెంట్ నీకివ్వడం నాకిష్టం లేదు," అన్నాడు చీఫ్ యుగంధర్, హరిశ్చంద్రపురం స్టేషన్ బెంచీ మీద పేపరు చాటున. "పగ ఉన్న ఏజెంట్ తొందరపడుతుంది."

"తొందరపడను సర్. నాకు వాళ్ళు బతికుండగా కావాలి."

బ్రీఫింగ్ రెండు నిమిషాలు. జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె బ్రేక్ లైనింగుల తయారీకి వెళ్తుంది. ఓ విదేశీ ముఠా పలాస ఫ్యాక్టరీ ఒకదానిలో దాన్ని పలచన చేయిస్తోందని అనుమానం. పలచబడిన నూనెతో చేసిన లైనింగు వేడెక్కితే పట్టు వదిలేస్తుంది. సైలస్ ట్రక్కులో వాడింది లాట్ ఇరవై తొమ్మిది. ఈ సాయంత్రం నాలుగింటికి ఇంకో ట్యాంకరు బయల్దేరుతుంది. లోపల మన మనిషి ల్యాబ్ హెడ్ ప్రమోదిని. అంతా సవ్యమేనని రెండేళ్ళుగా చార్టులు పంపుతోంది.

పదింటికి దోర్కాస్ ఆడిటర్ బ్యాడ్జీతో ల్యాబ్‌లో అడుగుపెట్టింది. ప్రమోదిని ల్యాబ్ కోటు కూడా షూటింగ్ కోసం కుట్టించినట్టుంది.

"ఉద్దానంలో కొబ్బరి బొండాలు దొరుకుతాయా?"

"తుపానుకి ముందు అడగాల్సింది."

కోడ్ సరిపోయింది. ప్రమోదిని నవ్వుతూ స్క్రీన్ తిప్పింది. షూహార్ట్ చార్టు, రీడింగు గీతలు దాటిందా లేదా చూపేది. నూనె చిక్కదనం టార్గెట్ యాభై. కింది గీత నలభై నాలుగు, పై గీత యాభై ఆరు.

"చూడండి మేడమ్, ఒక్క చుక్క కూడా గీత దాటలేదు."

నిజమే, దాటలేదు. దోర్కాస్ పెన్నులోని కెమెరా రీడింగులన్నీ మింగేసింది.

పెరట్లో రత్నాలమ్మ డ్రమ్ములు తోముతోంది. ఇరవై ఏళ్ళుగా అదే పని.

"చేతులకి బూడిద రాసుకోలేదేం పిన్నీ? జీడినూనెకి బొబ్బలెక్కవా?"

"ముందయితే ఎక్కీసేవమ్మా. ఇప్పుడు ఉత్తి సేతుల్తోటే తోమేత్తన్నాను, ఏటీ అవట్నేదు. ఇది జీడినూనేనేటి?"

దోర్కాస్ స్టోర్ రూములో అట్టపెట్టె మీద లెక్క మొదలుపెట్టింది. షూహార్ట్ ఏ లాట్‌కా లాట్ విడిగా చూస్తుంది. పెద్ద తేడా వస్తే వెంటనే పట్టేస్తుంది, చిన్న తేడాకి నిద్రపోతుంది. ముఠా ఆ నిద్రనే నమ్ముకుంది. క్యూసమ్ చార్టు అలా కాదు. టార్గెట్‌కి ఎంత తగ్గిందో చూసి, మామూలు ఊగిసలాట కింద ఒక యూనిట్ వదిలేసి, మిగతాది తర్వాతి లాట్‌కి మోసుకుపోతుంది. మొత్తం పది దాటితే అలారం.

నిరుడు ఒకటో లాట్ నుంచీ సగటు రీడింగు నలభై ఎనిమిది. అంటే లాట్‌కి ఒకటి చొప్పున పోగుపడుతూ పదకొండో లాట్‌కే పది దాటింది.

పదకొండు. సైలస్‌ది ఇరవై తొమ్మిది. ఈ చార్టు పెట్టి ఉంటే తమ్ముడు బతికేవాడు. దోర్కాస్‌కి బ్యాగులోని పిస్టల్ గుర్తొచ్చింది. ప్రమోదినిని కాల్చేయాలనిపించింది. గట్టిగానే అనిపించింది.

"లెక్క సరే," అన్నాడు యుగంధర్ ఫోన్‌లో. "కోర్టులో ఫాల్స్ అలారం అంటారు. నాకు ఒప్పుకోలు కావాలి. లేకపోతే ట్యాంకరు ఆగదు."

"లైన్లో ఉండండి సర్."

మూడు గంటల యాభై ఆరు నిమిషాలు. పెరట్లో రత్నాలమ్మని ఆడిటర్ ఏమడిగిందో తెలిసిన ప్రమోదిని అప్పటికే తన తెల్ల కారెక్కింది. అద్దం మీద ఆ రోజు తేదీతో కాశీబుగ్గ సర్వీసింగ్ చీటీ ఉంది. దోర్కాస్ ఆపలేదు. కిటికీ మీద వేలితో తట్టింది.

"పొద్దున నీ కారు కాశీబుగ్గలో సర్వీసింగ్ చేయించావు కదా. బ్రేక్ ప్యాడ్లు నేను మార్పించాను. లాట్ ఇరవై తొమ్మిదివి."

ప్రమోదిని చెయ్యి తాళం మీద ఆగింది.

"నీ చార్టు ప్రకారం మంచి లాటే. ఎల్లు. హైవే మీద మావోళ్ళు ఎనకాల తరుముతారు. ఎక్కడో ఓకాడ బ్రేకు తొక్కాలి కదా. మా తమ్ముడూ తొక్కాడు."

ట్యాంకరు హారన్ కొట్టి కదిలింది. మూడు యాభై తొమ్మిది. ప్రమోదిని బ్రేకు మీంచి పాదం తీసేసింది. తలుపు తెరిచి దిగింది.

"అవి పట్టవు."

"ఎందుకు పట్టవు?"

"నూనెలో కల్తీ ఉంది. నేనే కలిపించాను. వాళ్ళు చెప్పినంతే, గీత దాటకుండా."

"డ్రైవర్ తప్పా?"

"కాదు."

"ఇంకోసారి చెప్పు. గట్టిగా."

"డ్రైవర్ తప్పు కాదు."

ఫోన్‌లో విన్న యుగంధర్ గేటుకి ఆర్డరిచ్చాడు. గేటు కర్ర ట్యాంకరు ముందు చక్రాలకి జానెడు దూరంలో పడింది. దోర్కాస్ లెక్క వేసి చింపుకొచ్చిన అట్టముక్క మీద ఇరవై తొమ్మిది చుట్టూ సున్నా చుట్టి మడిచి బ్యాగులో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి అద్దాలు తీయాల్సి వచ్చింది.

పోలీసులు ప్రమోదినిని జీపెక్కించాక కానిస్టేబుల్ పోలయ్య తెల్ల కారుకి ఆమడ దూరంలో నిలబడ్డాడు.

"దీన్ని టెక్కలికి ఎవులు తోల్తారమ్మా? నాకు పిల్లలున్నారు."

"నేనే తోల్తాను," అంది దోర్కాస్ తాళం అందుకుంటూ. "ప్యాడ్లని ఎవరూ ముట్టుకోలేదు. కంపెనీ బ్రేకులే."