బుద్ధిగా కూర్చున్న పిచ్చుక

పొద్దున్నే పశువుల డాక్టరమ్మ తువ్వాలు పట్టుకుని వంటగదిలోకి వచ్చేసరికి కూతురు గోడ వైపు తిరిగిపోయింది. ఆటిజం ఉన్న పిల్ల, మాటలు రావు. సంతోషం వస్తే రెండు చేతులూ టపటపలాడిస్తుంది కనుక ఇంట్లో అందరికీ పిచ్చుకే.

మొండికేసిన పిల్లిని చుట్టినట్టు తువ్వాలు చుట్టి, దవడ పక్కన వేలు దూర్చి, మందు చుక్కలు గొంతులోకి జార్చింది డాక్టరమ్మ. ఆ పనిలో ఆమెకు తిరుగులేదు.

"అసలేం మందే అది?" అంది అత్తగారు, కాఫీ గ్లాసు కింద పెట్టి.

"ఇంటర్నెట్‌లో తెప్పించానత్తయ్యా. మాటలొస్తాయట. చాలామందికి వచ్చాయట."

"అట, అట అంటే ఎలాగే? ఎవరూ పరీక్షించని మందు నీ దగ్గరికొచ్చిన కుక్కకైనా వేస్తావా?"

"కుక్క నా కడుపున పుట్టలేదు కదా! చేతులు ముడుచుకుని కూర్చోమంటారా?" డాక్టరమ్మ గొంతు లేచింది. "మీరే చూడండి, ఇది మొదలుపెట్టాక ఎంత బుద్ధిగా కూర్చుంటోందో. చేతులాడించడం కూడా మానేసింది."

అత్తగారు మనవరాలి వంక చూసి కళ్లొత్తుకుంది.

ఆసుపత్రిలో ఒకాయన తన కుక్కను బల్ల మీద నిలబెట్టాడు. "శిక్షణ ఇప్పిస్తున్నామండీ. ఎంత బుద్ధిమంతురాలైందో చూడండి!"

దాని చెవులు వెనక్కి వాలిపోయాయి. తోక కడుపు కిందికి పోయింది.

"బుద్ధి కాదండీ, భయం," అంది డాక్టరమ్మ. రోజూ ఎవరికో ఒకరికి చెప్పే మాటే. "ఎంత గింజుకున్నా వదలరని తెలిశాక ఇలా బిగుసుకుపోతాయి, పాపం."

అంటూనే ఆమె కుక్క మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుంది. అయ్యో, ఎంత పని చేశాను!

మధ్యాహ్నమే ఇంటికొచ్చి సీసా మొత్తం సింకులో ఒంపేసింది. బెదిరిన జంతువు దగ్గర కూర్చున్నట్టే, పిచ్చుకకు కాస్త ఎడంగా, కళ్లలోకి చూడకుండా నేల మీద చతికిలబడింది.

"వద్దని రోజూ చెప్తూనే ఉన్నావు కదమ్మా. గోడ వైపు తిరిగి చెప్పావు, పళ్లు బిగించి చెప్పావు. నేనే వినలేదు." ఏడుపు ఆగలేదు.

"లేవవే, కాళ్లు తిమ్మిరెక్కుతాయి," అంది అత్తగారు చాలాసేపటికి.

"ఉండండత్తయ్యా."

పిచ్చుక అటూ ఇటూ చూసింది. తువ్వాలు ఎక్కడా లేదు. మెల్లగా జరిగి జరిగి అమ్మ భుజానికి వీపు ఆనించింది. ఒళ్లో వేళ్లు కదిలాయి. ఆగి, మళ్లీ కదిలాయి.

"అత్తయ్యా!" అంది డాక్టరమ్మ, గుసగుసగా.

"చూస్తూనే ఉన్నానే," అంది అత్తగారు.