గెడ వేసేవాడి కేక

పాపికొండల మధ్య గోదావరి బాగా సన్నబడే ఒక మలుపులో లాంచీలవాళ్లు నోరు విప్పరు. పాటల క్యాసెట్టు కట్టేస్తారు. చంటిపిల్ల ఏడిస్తే తల్లికి సైగ చేస్తారు. అక్కడ నీళ్ల మీంచి ఎవరు కేకేసినా బదులివ్వకూడదు.

ఈ సంగతి నాకు చెప్పింది రఘునందన్. ఫిల్మ్‌నగర్‌లో మా డబ్బింగ్ థియేటర్ సౌండ్ ఇంజనీరు. షేక్‌పేటలో పుట్టి పెరిగినవాడు, దెయ్యాలంటే నవ్వేవాడు. ఐటీ కంపెనీల కోసం చుట్టూ బండలు పేలుస్తున్న రోజులవి. ఆ చప్పుడు రికార్డింగులో పడకుండా తలుపులకు పరుపులు కట్టేవాళ్లం.

దొరల కాలపు స్టీమరు మీద ఓ సినిమా మొదలైంది. గోదావరి చప్పుడు అసలుదే కావాలని నిర్మాత రఘునందన్‌ను పాపికొండలకు పంపాడు. మలుపు దగ్గరపడగానే లాంచీ నడిపే సరంగు అతని చెవి దగ్గరికి వంగాడట.

"ఎనకటికి ఇక్కడే లోతు తగ్గి, అడుగు రాయికి తగిలి స్టీమరు మునిగిందండి. ముందు నిలబడి ఒకడు పొడుగాటి గెడకర్ర నీళ్లలోకి దింపేవోడు, లోతెంతో కేకేసేవోడు. పైనున్న సరంగు అదే మాట తిరిగి చెప్పాలి. చెప్పేదాకా ఆడు గెడ వదలకూడదు. ఆ రాత్రి పైనోడు నిద్దరోయాడు… కిందోడు ఇంకా కేకేత్తానే ఉన్నాడు."

"ఎవలన్న ఆ మాట తిరిగి చెప్తే?"

"గెడ ఆళ్ల చేతికొత్తాది."

రఘునందన్ మైకు బయటపెట్టి నీళ్ల చప్పుడు పట్టాడు. ఏ కేకా వినబడలేదు.

సినిమాలో సరంగు పాత్రకు గొంతు ఇవ్వాల్సింది సుబ్బరామయ్య. రాజమండ్రి మనిషి. కృష్ణానగర్‌లో మేడ మీద ఒంటిగది అద్దెకు తీసుకుని భార్య సత్యలక్ష్మితో ఉండేవాడు. గొంతులో జీర మొదలయ్యాక పిలిచేవాళ్లు తగ్గిపోయారు.

"ఇది కూడా పోతే ఇక నన్నెవరూ పిలవరయ్యా," అన్నాడు బూత్‌లోకి వెళ్తూ.

బయట పట్టపగలు. థియేటర్ లోపల ఎప్పుడూ చీకటే. తెర మీద స్టీమరు, హెడ్‌ఫోన్స్‌లో రఘునందన్ పట్టుకొచ్చిన గోదావరి… డబ్బింగ్ వాళ్లకో అలవాటు ఉంటుంది— చెవిలో అవతలి పాత్ర మాట ఆగగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆలోచించరు.

సుబ్బరామయ్య నోరు తెరిచాడు.

"రెండు నిలువులే… పోనీ!"

రఘునందన్ టేపు ఆపాడు. "గీడ మీ డైలాగ్ లేదు సార్."

"ఏంటయ్యా, వాడు లోతు చెప్పాడు కదా! తిరిగి చెప్పొద్దూ?"

"ఎవలు చెప్పిండ్రు?"

టేపు వెనక్కి తిప్పి విన్నాడు. నీళ్లు… వట్టి నీళ్లే.

"రెండు నిలువులని… అంత గట్టిగా…" అక్కడితో సుబ్బరామయ్య గొంతు ఆగిపోయింది. పెదాలు కదిలాయి, గాలి మాత్రమే వచ్చింది.

డాక్టర్లకు ఏ జబ్బూ దొరకలేదు. పగలంతా మూగ. చీకటి పడితే మేడ మీది కిటికీ దగ్గర నిలబడేవాడట. చేతుల్లో ఏమీ లేకపోయినా ఏదో పట్టుకున్నట్టు సందులోకి దింపి, పడుచు గొంతుతో—

"నిలువు లోతూ…!"

కింద ఎవడో కుర్ర ఆర్టిస్టు ఈల వేశాడు. "మస్తుగున్నది అన్నా! ఇంకో టేక్ కొట్టు!"

సోమవారానికి గొంతు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని నిర్మాత కబురు పెట్టాడు. ఆ కబురు మోసుకెళ్లిన రఘునందన్, మలుపు సంగతి కూడా సత్యలక్ష్మికి చెప్పేశాడు.

ఆవిడ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "అంటే, ఈయన అన్న మాట నేను తిరిగి అంటే ఈయన గొంతు ఈయనకొచ్చేస్తుంది. అంతేగా?"

"అమ్మా, అది మీ చేతికొస్తది!"

"రానీ బాబూ. నాకేం డబ్బింగులున్నాయా?"

కిటికీ దగ్గర కేక లేచింది. "పీకల్లోతూ…!"

"పీకల్లోతే," అంది సత్యలక్ష్మి నెమ్మదిగా. "పోనీ."

సోమవారం సుబ్బరామయ్య థియేటర్‌కు వచ్చాడు. గొంతు కంచులా మోగింది. జీర జాడే లేదు. వారం తిరిగేసరికి పాత్ర మొత్తం ముగించాడు. నిర్మాత కావలించుకుని తరువాతి సినిమా కూడా ఇచ్చాడు.

అందరూ వెళ్లాక రఘునందన్ అడిగాడు. "ఇంట్ల అమ్మ మంచిగున్నదా?"

"బాగానే ఉందయ్యా. పగలు మాట్లాడదంతే." సుబ్బరామయ్య మెడకు మఫ్లర్ చుట్టుకున్నాడు. "రేపు నాకు పనిలేదుగా. ఈ రాత్రికి నేను తీసుకుంటాను."

"ఏంది తీసుకునేది?"

"గెడకి వంతులేసుకున్నాం. రికార్డింగ్ ఉంటే తను, లేకపోతే నేను. సంసారమన్నాక ఇంతేగా!"

రఘునందన్‌కు నవ్వు రాబోయిందట. అప్పుడు సుబ్బరామయ్య తలుపు దగ్గర ఆగి, గొంతు బాగా తగ్గించాడు.

"లోతే… రోజురోజుకీ తగ్గిపోతోందయ్యా. నిన్న తను మోకాలి లోతంది."