అద్దం మేస్త్రి

పొద్దున్నే టీ గ్లాసు పక్కన కాగితాలు కనబడితే మేస్త్రికి ఒళ్లు మంట. కాగితమన్నది ఎవరి కొంపో ముంచడానికే ఇంట్లోకి వస్తుందని ఆయన గట్టి నమ్మకం. ఆ రోజు బల్ల మీదున్నవి కూతురు రాసినవి. పాత భవనాలు కూలిపోకుండా చూడటం ఆమె ఉద్యోగం. ఊళ్లోని పాత గ్రంథాలయాన్ని పడగొట్టాలో, బాగుచేయాలో తేల్చడానికి పదకొండింటికి కమిటీ వస్తోంది. దాని కోసం నాలుగు నెలలుగా ఆ పిల్ల తిండీ తిప్పలూ మానేసి తిరుగుతోంది.

కళ్లజోడు తగిలించుకుని చదివిన మేస్త్రి మూడో పేజీలో ఆగిపోయాడు. "గతంలో అనుభవం లేని చేతులతో వేసిన సిమెంటు పూత వల్ల తేమ బయటికి పోలేక గోడలు దెబ్బతిన్నాయి" అని ఉందక్కడ.

ఆయన్ని ఊళ్లో అసలు పేరుతో పిలిచే నాథుడు లేడు. అందరికీ అద్దం మేస్త్రే. ముప్ఫై ఐదేళ్ల కిందట ఆ గ్రంథాలయం గోడలకు సిమెంటు పూసి, మొహం కనబడేంత నున్నగా తోమినందుకు వచ్చిన పేరది. ఆ గోడ ముందు నిలబడి కుర్రకారు తల దువ్వుకునేవాళ్లని చెప్పుకుంటారు. అందులో సగం కోతలే అయినా ఆయన ఏనాడూ కాదనలేదు.

"ఇటు రావే!" అని అరిచాడు. ఆ అరుపుకి వంటింట్లో భార్య చేతిలోని గరిటె ఖంగున కింద పడింది.

కూతురు సగం దువ్విన తలతో వచ్చింది. "ఏంటి నాన్నా?"

"ఎవరివే అనుభవం లేని చేతులు?"

ఆమె కాగితం వైపు చూసి తల దించుకుంది. "నీ పేరు రాయలేదుగా."

"రాయకపోతే ఊరికి తెలీదా? ఆ చేతులే నీకు అన్నం పెట్టాయి. ఆ చేతులే నిన్ను చదివించాయి. చదువుకొచ్చి నా మొహానే ఉమ్ముతావా?"

"పొద్దున్నే ఏంటండీ ఈ రభస?" అంటూ భార్య వచ్చింది. "పక్కింటావిడ కిటికీ తెరుస్తోంది, చూడండి."

"తెరవనీ! కుర్చీ వేసుకుని వినమను!"

"అయితే నేను చెప్పేది కూడా వింటుందిలే," అంది కూతురు. ఆమెకూ గొంతు లేచింది. "లోపల ఇటుకే కుళ్లిపోయింది, పడగొట్టాల్సిందేనని కాంట్రాక్టరు అంటున్నాడు. ఇటుక గట్టిదే, పైపూత దాన్ని చంపుతోందని నేనంటున్నాను. రుజువేదీ అని అడుగుతున్నారు. ఎక్కడ గోకినా సిమెంటే. దాని కింద తడిసి పిండైన ఇటుకే. ఒక్క గజం పాత సున్నపు గోడ మిగిలుంటే చూపించేదాన్ని. గుమ్మం నుంచి కప్పుదాకా నువ్వు ఒక్క అంగుళం వదిలితేగా!"

"నోర్ముయ్!" మేస్త్రి బల్ల మీద గుద్దాడు. టీ ఒలికి మూడో పేజీ తడిసిపోయింది.

ఆమె కాగితం లాక్కుని చున్నీతో అద్దింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "నీ పరువు కోసమే అలా రాశాను నాన్నా. తెలియక చేశారంటే ఎవరూ ఏమీ అనరని."

"తెలియకా?"

బూతు తిట్టినా అంతగా తగిలేది కాదు ఆయనకు. "పదేళ్ల వయసు నుంచి డంగుసున్నం నూరినవాణ్ణి, నాకు తెలియదా? సున్నపు గోడ తడి పీల్చుకుని తడి వదుల్తుందనీ, దాని మీద సిమెంటు పూస్తే ఊపిరాడక చస్తుందనీ నాకు తెలియదా? తెలిసే చేశానే నేను!"

భార్య వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది.

సున్నం నానాలి, నూరాలి, నిదానంగా ఆరాలి. గోడకి నెల పట్టేది. సిమెంటుకి రెండు రోజులు చాలు. నువ్వు కొత్త కాలం మేస్త్రివని అప్పటి అధికారి భుజం తడితే పొంగిపోయాడు ఆయన. వద్దురా అని తండ్రి మొత్తుకున్నాడు. వినకపోయేసరికి తాపీ అక్కడే విసిరేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత తండ్రీకొడుకులు ఒకే గోడ దగ్గర పనిచేయలేదు. ఎవరైనా అద్దం మేస్త్రి అని పిలిస్తే ముసలాయన మొహం తిప్పుకునేవాడు, పోయేదాకా అంతే.

"తూర్పు గదిలో గోడకి బిగించిన అల్మారాలు తీయించు," అన్నాడు మేస్త్రి చివరికి.

"అక్కడా నీ సిమెంటే. పాత ఫైల్లో ఉంది."

"ఫైల్లో నేను చెప్పిందే రాసుకున్నారు. అది మా నాన్న పూసిన గోడ. దాని మీద చెయ్యి ఆడలేదు నాకు. అల్మారాలు అడ్డం పెట్టించి, పూసేశానని చెప్పాను."

కూతురు మొహం ఎర్రబడింది. "నాలుగు నెలలు! నీ కళ్లముందే ఆ ఒక్క గజం కోసం చచ్చేలా వెతికాను. చూస్తూ టీ తాగుతూ కూర్చున్నావా?"

"ఆ గోడ బయటపడితే, నేనేంటో బయటపడుతుందే."

ఆమె విసురుగా చెప్పులు వేసుకుంది. మేస్త్రి కూడా వెనకే నడిచాడు. దారంతా ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉంది.

పదకొండున్నరకు గ్రంథాలయంలో, కమిటీ ఎదుటే, నలుగురు పనివాళ్లు అల్మారాలు ఊడదీశారు. వెనక గోడ కాస్త పసుపు తిరిగి, పొడిగా, ఎక్కడా బీట లేకుండా ఉంది.

"ఇది ఈ మధ్య ఎవరో వేసిన పూత," అన్నాడు కాంట్రాక్టరు.

"కాదు బాబూ." మేస్త్రి ముందుకొచ్చాడు. "ఇది మా నాన్న చేసిన గోడ. మిగిలిన మూడూ నేను పాడుచేసినవి. ఇటుక ఒకటే, పునాదీ ఒకటే. ముట్టుకుని చూడండి."

కమిటీ పెద్ద ఒక చెయ్యి ఈ గోడ మీద, ఇంకో చెయ్యి పక్క గోడ మీద ఆనించాడు. పక్క గోడ మీది చేతికి చెమ్మ అంటింది. ఆయన జేబురుమాలుతో తుడుచుకుని, పడగొట్టే మాట ఇక ఎత్తొద్దని కాంట్రాక్టరుతో అన్నాడు.

అందరూ బయటికి వెళ్లాక కూతురు తడిసిన మూడో పేజీ తీసింది. ఆమె కోపం ఇంకా తగ్గలేదు, ఏడుపూ ఆగడం లేదు. "అనుభవం లేని" అన్న మాటల్ని గట్టిగా కొట్టేసింది.

"ఏం రాయమంటావు?"

"తెలిసి చేసిన తప్పని రాయి. పక్కన నా పేరు రాయి."

"అద్దం మేస్త్రి అనా?"

"అద్దం లేదు, గిద్దం లేదు. మా నాన్న పెట్టిన పేరు రాయి."

ఆమె కాగితాన్ని అదే గోడకి ఆనించి ఆ పేరు పూర్తిగా రాసింది. రాస్తున్నంతసేపూ కాగితం జారకుండా మేస్త్రి అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.