అత్తయ్య కళ్ళల్లో నీళ్ళు

ఆ ఇంట్లో తెల్లారుతూనే వినిపించేది కుట్టు మిషను చప్పుడు. అత్తగారు ముఖం కడుక్కుని మిషనును ఫ్యాను కిందకి లాక్కుని కూర్చుందంటే మళ్ళీ భోజనానికే లేచేది. ఎదురుగా గోడకి కొడుకు చొక్కా వేలాడుతుండేది. అతను పోయి రెండేళ్ళయినా దాన్ని ఎవరూ తీయలేదు. గాలికి చొక్కా చేతులు ఊగినప్పుడల్లా, మనిషి ఇప్పుడే విప్పి స్నానానికి వెళ్ళినట్టనిపించి కోడలి గుండె ఝల్లుమనేది.

ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. ఆ బడి బస్సు నడిపే ఆయనకి భార్య పోయింది, నెమ్మదస్తుడు. "మీకిష్టమైతే పెళ్ళి చేసుకుందాం. తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి" అన్నాడు. ఆమెకి ఇష్టమే. ఆ సంగతి అత్తగారి చెవిన వేస్తే పెద్దావిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ "నీ మనసుకి నచ్చితే చాలు తల్లీ" అంది. చెంపల మీద మాత్రం నీళ్ళు ధారకట్టాయి.

అప్పట్నుంచీ అదే వరస. కోడలు ఎదురుపడితే నీళ్ళు, మంచినీళ్ళ గ్లాసు అందిస్తే నీళ్ళు. నోరు తెరిచి ఒక్క మాట అనదు. ఆ ఎర్రటి కళ్ళల్లోంచి భర్తే తనని చూస్తున్నట్టు కోడలికి భయం పట్టుకుంది. బడిలో పిల్లలకి పాట చెబుతున్నా ఆ చూపు వీపు మీద ఆనినట్టే ఉండేది.

ఒక ఆదివారం ఇక ఉండబట్టలేకపోయింది.

"ఆయనకి వద్దని చెప్పేస్తాను అత్తయ్యా."

"అదేంటి? మంచివాడన్నావుగా."

"మీరిలా ఏడుస్తుంటే నేనెక్కడికి వెళ్ళను? వెళ్ళొద్దని నోటితో చెప్పండి, ఇక్కడే పడి ఉంటాను. ఇలా కళ్ళనీళ్ళతో నన్ను కాల్చుకు తినకండి."

అత్తగారు మిషను ఆపింది. "ఎవరే ఏడుస్తున్నది?"

"మరి అవేంటి?"

"ఇవా? కళ్ళల్లో ఇసుక పోసినట్టు ఒకటే గరగర, మంట. అసలే దిగులుగా ఉన్నావు, ఇదొకటి నీ నెత్తిన ఎందుకని చెప్పలేదు."

కోడలు నమ్మలేదు. అయినా మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కంట్లో రంగు చుక్క వేసి, దీపం వెలుగులో చూసింది.

"కళ్ళు పొడిబారాయి."

"ఇంత నీరు కారుతుంటే పొడేంటండీ?" అంది కోడలు.

"కంటి మీద తడిపొర నిలవట్లేదమ్మా. ఆ రాపిడికి ఓర్చుకోలేక కన్ను గబుక్కున నీళ్ళు వదులుతుంది. అవి కంటిని తడపకుండానే చెంపల మీదకి జారిపోతాయి."

చుక్కల మందు రాసింది. ఫ్యాను గాలి ముఖానికి తగలకూడదంది. రోజూ గోరువెచ్చని తడిగుడ్డ రెప్పల మీద వేసుకోమంది. "కుట్టేటప్పుడు రెప్ప వాల్చడమే మర్చిపోతున్నారు. మధ్యమధ్య ఆపి కాసేపు కళ్ళు మూసుకోండి."

"అదొక్కటీ నావల్ల కాదు" అంది అత్తగారు.

ఇంటికొచ్చాక కోడలు గుడ్డని గోరువెచ్చని నీళ్ళల్లో ముంచి పిండుకుని తెస్తే పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"మూసుకుంటే వాడొస్తాడే. నిచ్చెన మీద ఉంటాడు. చేతిలో రంగు డబ్బా. కాలు జారబోతుంటుంది." గొంతు తగ్గించింది. "నేను కళ్ళు తెరిస్తే పడడు. అందుకే మూయను."

గోడకి రంగు వేస్తూ నిచ్చెన మీంచి పడే పోయాడతను. ఆ రోజు అక్కడ ఈ ఇద్దరిలో ఎవరూ లేరు. తనని చూస్తున్నాయనుకున్న కళ్ళు ఇన్నాళ్ళూ కొడుకుని పట్టుకుని ఉన్నాయని కోడలికి అప్పుడు తెలిసింది.

"పడుకోండి అత్తయ్యా. నేను పక్కనే ఉంటాను."

రెప్పల మీద గుడ్డ వేసి చెయ్యి పట్టుకుంది.

"ఆయన వచ్చారా?"

"ఊఁ."

"నిచ్చెన మీదున్నారా?"

పెద్దావిడ కోడలి వేళ్ళని గట్టిగా బిగించింది.

"పడిపోయాడమ్మా. నా బిడ్డ పడిపోయాడు."

అప్పుడు ఏడ్చింది. రెండేళ్ళుగా లోపల బిగబట్టిందంతా, పసిపిల్లలా వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. కోడలు ఆవిడ గుండెల మీద తల వాల్చి తనూ ఏడ్చింది.

గుడ్డ చల్లారిపోయాక అత్తగారు కళ్ళు మూసుకునే కోడలి జుట్టు నిమిరింది.

"ఆ బస్సాయన్ని ఒకసారి భోజనానికి రమ్మనవే. నేను చూడాలి."