మోకాలి నీళ్లు

ఆ ఉదయం కూడా అత్తగారు బల్ల అంచు పట్టుకునే కుర్చీలోంచి లేచారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బడిపిల్లలకి బొమ్మలు గీయడం నేర్పిన మనిషి. ఇప్పుడు ఎడమ మోకాలు కొబ్బరికాయంత వాచి, వంటింటిదాకా నడవడమే గగనమైపోయింది.

కోడలు బ్యాగు సర్దుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. "అత్తయ్యా, ఇవాళ డాక్టరు మీ మోకాలి నీళ్లు తీస్తారు కదా. ఎలాగూ పారబోసేవే. మా ల్యాబుకి ఇస్తారా?"

టీ గ్లాసు ఠక్కున బల్ల మీదికి దిగింది.

"విన్నావురా? నీ పెళ్లానికి నా మోకాలి నీళ్లు కావాలి గానీ, మోకాలు అక్కర్లేదు!"

కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. ఇంట్లో మాత్రం రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోవడమే అతనికి అలవాటు.

"అదేంటమ్మా, తను నీకోసమే కదా..."

"నాకోసమా? ఆ గాజు గొట్టాల పక్కన కూర్చున్నట్టు నా పక్కన ఒక్కపూట కూర్చుందేమో అడుగు!"

కోడలి మొహం జేవురించింది. "కూర్చుంటే వాపు తగ్గదు అత్తయ్యా. ఎందుకు వాస్తోందో తెలిస్తే తగ్గుతుంది."

ఇద్దరూ చెప్పింది నిజమే. అందుకే ఎవరూ తగ్గలేదు. చివరికి అత్తగారే చెప్పులేసుకున్నారు. "ఇస్తాను. కానీ వాటితో ఏం చేస్తావో నా కళ్లతో చూడాలి."

ఆస్పత్రి, ల్యాబు ఒకే మేడలో ఉన్నాయి. డాక్టరు నీళ్లు తీసి, గాలి చొరబడకుండా సిరంజి మూత బిగించి ఇచ్చింది. ఇన్నాళ్లూ మూతల్లేని గొట్టాల్లో తెచ్చేవారట. గ్యాసు పోయిన సోడాలా, ఆ నీళ్లలోని పులుపు, అంటే ఆమ్లగుణం, దారిలోనే తగ్గిపోయేది. ఆ సంగతి కోడలికి తట్టి ఎన్నాళ్లో కాలేదు.

మధ్యాహ్నానికి తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన నిలిచాయి. చీకట్లో కణాలు, వాటి నిండా పచ్చటి చుక్కలు.

"ఈ కణాలు మీవే అత్తయ్యా. ప్రోటీన్ ముక్కల్ని ఇలా పైన పట్టుకుని కాపలా కణాలకి చూపిస్తాయి, ఇది మనదో పరాయిదో చూసుకోండని. ఆ ముక్కకి మేం మెరిసే పచ్చరంగు కట్టాం, ముక్క జారిపోతే చుక్క ఆరిపోతుంది. ఎడమవైపువి రక్తంలో ఉన్నంత తక్కువ పులుపున్న ద్రవంలో ఉన్నాయి. కుడివైపువి మీ మోకాలి నీళ్లలోనే ఉన్నాయి."

ఎడమవైపు చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కుడివైపు ఒక్కటీ ఆరలేదు.

"వదలట్లేదు..." కోడలు కుడివైపు బొమ్మని వేలితో చూపించింది. "వాపున్నచోట పులుపెక్కువ. ఆ పులుపులో పట్టు జారట్లేదు. మీ ఒంటి ముక్కనే పట్టుకుని చూపిస్తున్నాయి, కాపలావాళ్లు వస్తూనే ఉన్నారు. వాపు అందుకే తగ్గట్లేదేమో. ఇంకా చాలామందిలో చూడాలి."

అత్తగారు తెర దగ్గరికి వంగారు. ఎన్ని రంగులు కలిపిన మనిషో, ఆ పచ్చ ఎన్నడూ చూడలేదు.

"ఇదంతా నాలోనే జరుగుతోందా? నాకు మాటైనా చెప్పకుండా!" ఆవిడ కళ్లు నిండిపోయాయి. "నా ఒళ్లే నామీద పగబట్టిందని రోజూ తిట్టుకున్నానమ్మాయ్. పగ కాదన్నమాట. నన్ను కాపాడుతున్నామనుకునే, పాపం, ఇంత చాకిరీ చేస్తున్నాయి."

కోడలు చేతి తొడుగులు తీసేసి, కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. వాచిన మోకాలి మీద రెండు అరచేతులూ ఆనించి ఉలిక్కిపడింది. వాపున్నచోట వేడి ఉంటుందని ఎన్నిసార్లు చదివిందో, ఎంతమందికి చెప్పిందో!

"ఇంత వేడిగా ఉంటుందా అత్తయ్యా?"

"ఎప్పుడూ ఇంతే."

"నేనెప్పుడూ... ముట్టుకుని చూడనేలేదు." ఆమె ఏడ్చేసింది.

అత్తగారు ఆమె తల నిమిరారు. "చల్లగా ఉన్నాయే నీ చేతులు. కాసేపు తియ్యకు."

తెర మీద చుక్కలు వెలుగుతూనే ఉన్నాయి. కోడలు అటు చూడలేదు, చేతులు తియ్యలేదు.