పడమటి గోడలో గొంతులు

మా వీధి మలుపులో ఉన్న ఆ ఇంటికి చెడ్డపేరు ఒక్కరోజులో రాలేదు. ఇరవై రోజులు పట్టింది. ఇంటికి కొత్త సోకులు చేసి, వేసిన రంగు వాసన పోవడానికి పట్టినన్ని రోజులు.

రాత్రి తొమ్మిది దాటితే ఆ గుమ్మం ముందు నుంచి ఎవరూ నడవరు. నడవక తప్పకపోతే అవతలి అంచుకి జరిగి, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ గబగబా పోతారు. ఎదురుగా ఉన్న మందుల షాపతను షట్టరు లాగి, తాళం పడిందో లేదో కూడా చూసుకోడు.

ఎందుకంటే... ఆ ఇల్లు మూలుగుతుంది.

నాకు చదువు రెండో తరగతి. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒప్పుకుంటాను. నా గోడలు వంకరగా ఉండవు. ఆ ఇల్లు ముప్పై ఏళ్ళ కిందట కట్టింది నేనే. దాన్ని బాగుచేస్తానని పాడుచేసింది మా ఆవిడ తమ్ముడు.

వాడిప్పుడు మేస్త్రీ అంటే పలకడు. డిజైనర్ అనాలి. నా దగ్గర ఏడు నెలలు పని నేర్చుకుని, ఎనిమిదో నెల నా తాపీని సంచిలో వేసుకుని చెప్పకుండా పోయాడు. పిడి మీద నేను కత్తితో గీసుకున్న మూడు గీతలున్న తాపీ. పంతొమ్మిదేళ్ళయింది. నేను అడగలేదు, వాడు ఇవ్వలేదు. అడగలేదంటే మరిచిపోయానని కాదు.

ఆ ఇల్లు కొనుక్కున్నది మా వీధి టైలరమ్మ. పన్నెండేళ్ళు అద్దె గదిలో కూర్చుని మిషను తొక్కితే చేతికొచ్చిన ఇల్లు. మొగుడు లారీ డ్రైవరు. ఇంట్లో ఉండేది నెలకి ఆరు రోజులు. "అక్కా, ఇల్లు అద్దంలా చేసిస్తా" అన్నాడు నా బావమరిది. ఆమె నమ్మింది. అద్దం పెట్టాడు, అది నిజమే. ఎక్కడ పెట్టాడో వినండి.

నడవా చివర, వీధి తలుపుకి సూటిగా, నిలువెత్తున పెట్టాడు. దాని ముందు మనిషి కదిలితే దానంతటది వెలిగే లైటు. నేలకి నల్ల టైల్స్... చెంబెడు నీళ్ళు పడ్డా కనబడవు, జారి పడ్డాకే తెలుస్తుంది. వంటింట్లో చిమ్నీ. అన్నిటి మీదా తెల్లటి ఫాల్స్ సీలింగ్, చెయ్యెత్తితే తగిలేంత కిందికి. వాడి పొడుగు కొలిచి కట్టాడేమో మరి.

కుట్టుమిషను గదికి మాత్రం వెడల్పాటి కిటికీ పెట్టాడు. అది బాగుంది. చెప్పాలి గనక చెప్తున్నాను.

ఇక జరిగింది. ఆమె నాకు ఎలా చెప్పిందో అలాగే రాస్తున్నాను, నా సొంతం ఒక్క ఇటుక కలపలేదు.

పని జరుగుతున్నన్నాళ్ళూ డ్రైవరు ఊళ్ళో లేడు. ఒక అర్ధరాత్రి లారీ దిగి, చలికి దుప్పటి కప్పుకుని, భార్య నిద్ర చెడగొట్టడం ఎందుకని చప్పుడు చెయ్యకుండా తాళం తీశాడు. చీకటి. రెండు అడుగులు వేశాడు... మూడో అడుగు వేశాడు...

గుప్పున వెలుగు.

నడవా చివర — ముసుగేసుకున్న ఒక భారీ ఆకారం. తన మీదికే వస్తోంది!

ఆరడుగుల మనిషి. కొండదారుల్లో బ్రేకులు లేని లారీని నిలబెట్టినవాడు. దుప్పటి అక్కడే వదిలి వీధిలోకి దూకాడు. పొద్దున్న దాకా లారీలోనే పడుకున్నాడు, అద్దాలు బిగించుకుని.

"నీ మొహమేనయ్యా అది, అద్దంలో" అంది టైలరమ్మ.

"నా మొహం నాకు తెలీదా? అంత భయంకరంగా ఉంటుందా?"

"పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను నేను" అని నవ్వేసింది.

ఆ నవ్వు మూడు రోజులే నిలిచింది.

నాలుగో రాత్రి ఆమె ఒక్కతే ఉంది. ఒక జాకెట్టుకి చేతులు కుడుతోంది. బయట గాలి లేచింది. మిషను ఆపి దారం తెంపింది...

ఊఁ...ఊఁ...ఊఁ...

నెత్తి మీద. సీలింగ్ లోపల.

ఒక గొంతు కాదు. లావుపాటి గొంతు ఒకటి, సన్నటివి రెండు, మధ్యలో ఇంకోటి. నలుగురు ముసలమ్మలు గోడకి చేరగిలబడి ఎవరినో తలుచుకుని మూలుగుతున్నట్టు. అంతలో నడవాలో లైటు వెలిగింది. ఎవరూ లేరు... ఆరింది... మళ్ళీ వెలిగింది. పరదా ఒక్కటే ఊగుతోంది. తలుపులన్నీ వేసే ఉన్నాయి.

అప్పుడు పైన అడుగులు. మెత్తగా. ఆ మూల నుంచి ఈ మూలకి. ఆగాయి.

ఆగిన చోట... పసిపిల్ల ఏడుపు.

టైలరమ్మ చేతిలో కత్తెర పట్టుకుని తెల్లవార్లూ అలాగే కూర్చుంది. దెయ్యాన్ని కత్తెరతో ఏం చేస్తుందో నేనడగలేదు.

డ్రైవరు అమ్మేద్దామన్నాడు. ఆమె వారం రోజులు బిగబట్టింది. రాత్రి నిద్ర లేక పగలు కుట్లు వంకరపోయాయి. ఒకామె జాకెట్టుకి ఎడం చెయ్యి కుడివైపు కుట్టింది. పని పోతుందేమోనన్న భయం దెయ్యం భయాన్ని మించింది. అప్పుడు నా బావమరిదిని పిలిచి చూపించింది.

వాడు సీలింగ్ వంక చూశాడు. నిచ్చెన ఎక్కలేదు. గొంతు తగ్గించి, "ఆ పాత పడమటి గోడలో ఏదో ఉందక్కా..." అన్నాడు. "మా బావ కట్టినప్పుడు ఏం పెట్టి పూడ్చాడో ఏమో. నా డిజైన్‌లో తప్పులేదు. దెయ్యం కొంపని ఇంకెవడు కొంటాడు? సొంత అక్కలాంటిదానివి. నష్టమైనా సరే, నేనే తీసుకుంటా. ఆదివారం కాగితాలు తెస్తాను."

శుక్రవారం సాయంత్రం ఆమె నా అరుగు మీదికొచ్చి కూర్చుంది. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"బాబాయ్ గారూ, ఒకటి అడుగుతాను. కోప్పడకండి. ఆ పడమటి గోడలో... ఏమైనా పెట్టారా?"

"ఇటుకలు పెట్టాను" అన్నాను.

అది సగం నిజం. మిగతా సగం ఎవరికీ చెప్పని పని గుట్టు. ముప్పై ఏళ్ళు కడుపులో ఉంచుకున్నది ఒక్క మాటకి కక్కేస్తానా? పైగా, పూడ్చాడట! నేను! ఆ మాట దగ్గరే నా రక్తం మరుగుతోంది.

"ఎల్లుండి సంతకం పెట్టేస్తాను బాబాయ్. మళ్ళీ అద్దె గదికే. ఇంక నా వల్ల కాదు" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"రేపు రాత్రి నేనొస్తాను" అన్నాను.

వెళ్ళాను. డ్రైవరు ఇంటి ముందు లారీలోనే ఉన్నాడు. "మీరు పదండి మేస్త్రీ గారూ, నేను వీధి కాపలా" అన్నాడు.

తలుపు తోశాను. లోపల చీకటి. నల్ల నేల మీద అడుగు ఎక్కడ పడుతుందో తెలీదు. వెనక టైలరమ్మ ఊపిరి నా మెడ మీద తగులుతోంది. ఒక అడుగు... రెండు...

లైటు వెలిగింది.

ఎదురుగా ఎవడో ముసలాడు. నెరిసిన మీసం, భుజం మీద తువ్వాలు, మొహంలో పొగరు. చూడగానే నచ్చలేదు. పెద్దవాడు కదాని పక్కకి తప్పుకుని దారిచ్చాను. వాడూ అటే తప్పుకున్నాడు. ఇటు జరిగాను. వాడూ ఇటే జరిగాడు. మర్యాద తెలీని మనిషి.

"ఎవడ్రా నువ్వు?" అన్నాను.

"బాబాయ్... అది అద్దం" అంది టైలరమ్మ, మెల్లిగా.

"తెలుసు. మట్టంగా పెట్టాడో లేదో చూస్తున్నా."

మట్టంగా లేదు కూడా.

కుట్టుగదిలో కూర్చున్నాం. పది... పదకొండు... పన్నెండు. వీధిలో కాగితం ముక్క ఒకటి దొర్లింది. గాలి లేచింది. టైలరమ్మ కత్తెర అందుకుంది.

ఊఁ...ఊఁ...

నా ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. భయంతో కాదు. ఆ గొంతులు నాకు తెలుసు!

"నిచ్చెన ఉందా?" అన్నాను.

"వద్దు బాబాయ్, పదండి వెళ్ళిపోదాం..."

"నిచ్చెన! నీ మొగుడిని పిలువు. పట్టుకోవడానికి ఎవడో ఒకడు కావాలి."

డ్రైవరు వచ్చాడు. నిచ్చెన గట్టిగానే పట్టుకున్నాడు గాని కళ్ళు మూసుకున్నాడు. నేను వంటింటి మూల ఎక్కి, సీలింగ్ రేకు ఒకటి అరచేత్తో పైకి నెట్టాను. పాత పొగ వాసన. తల లోపలికి పెట్టాను. టార్చి వేశాను.

పడమటి గోడలో... నోళ్ళు. గుండ్రంగా, నల్లగా, వరసగా తెరుచుకున్న నోళ్ళు. ఒకటి... రెండు... మూడు... నాలుగు.

నా కుండలు.

ఇదీ మిగతా సగం. పడమటెండకి గోడ కాగి రాత్రంతా గది ఉడికిపోకుండా, గోడ పైవరసల్లో ఖాళీ కుండలు పడుకోబెట్టి, రెండు వైపులా పల్చటి ఇటుకతో మూసేస్తాను. గోడ లోపల గాలి నిలిచి ఉంటే వేడి దాటదు. మా నాన్న నేర్పిన పని. ముప్పై వేసవులు ఆ ఇంట్లో మనుషులు హాయిగా పడుకున్నది అందుకే.

నా బావమరిది సీలింగ్‌కి ఇనపచట్రం బిగించడానికి లోపలి ఇటుక పగలగొట్టాడు. కుండల మూతులు బయటపడ్డాయి. చిమ్నీ గొట్టం కోసం పక్కనే వీధి వైపుకి తలపట్టేంత కన్నం పెట్టాడు. గొట్టం పొడుగు చాల్లేదు. చాలకపోతే ఇంకో ముక్క కలపాలి. కలపలేదు. గొట్టాన్ని సీలింగ్‌లోకే వదిలేసి, కన్నం తెరిచే ఉంచి, ఎవరికీ కనబడకుండా తెల్లగా మూసేశాడు. చేసిన తప్పు దిద్దేవాడు మేస్త్రీ. దాని మీద రేకు కప్పేవాడు డిజైనర్.

కన్నంలోంచి గాలి దూరి కుండల మూతుల మీదుగా పోతోంది. చిన్నప్పుడు ఖాళీ సీసా ఊదని వాళ్ళెవరు? ఆ గాలే సీలింగ్ సందుల్లోంచి దిగి పరదా ఊపుతోంది. పరదా ఊగితే లైటు.

"ఏముంది బాబాయ్?" కింది నుంచి సన్నగా అడిగింది.

నేను మళ్ళీ లెక్కపెట్టాను. లెక్క సరిపోవడం లేదు. మూలిగేవి నాలుగు. నేను పెట్టినవి ఐదు.

టార్చి మూలకి తిప్పాను. ఐదో కుండ అక్కడే ఉంది. దాని నోట్లోంచి... రెండు పచ్చటి కళ్ళు నన్నే చూస్తున్నాయి.

నిచ్చెన మీద నేను కేక పెట్టానని డ్రైవరు అందరికీ చెప్పుకుంటున్నాడు. అబద్ధం. కళ్ళు మూసుకున్నవాడికి ఎవరు అరిచారో ఎలా తెలుస్తుంది?

పిల్లి. మూడు కూనలు. ఒకటి అప్పుడే పసిపిల్లలా ఏడుపు అందుకుంది.

కుండ పక్కనే, దుమ్ములో, ఇంకో వస్తువు మెరిసింది. అందుకుని తువ్వాలుతో తుడిచాను. తాపీ. పిడి మీద మూడు గీతలు. కుండలు చూసి, కంగారుగా మూసేస్తూ మరిచిపోయాడన్నమాట. అంటే పంతొమ్మిదేళ్ళూ దాంతోనే పనిచేశాడు. అరిగింది గాని తుప్పు పట్టనివ్వలేదు. కాస్త సంతోషం వేసింది. వాడికి మాత్రం చెప్పకండి.

ఆదివారం వాడు కాగితాలతో వచ్చాడు. టైలరమ్మ బల్ల మీద తాపీ పెట్టి ఉంచింది. వాడి చెయ్యి జేబులో పెన్ను దగ్గరే ఆగిపోయింది.

"ఇది... ఇది ఎక్కడిదక్కా?"

"దెయ్యం ఇచ్చింది తమ్ముడూ. నీదేనంది. కాదు, మీ బావదంది. ఏది నిజం?"

వాడు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. మంచి కిటికీ.

"గొట్టం ముక్క తెచ్చి కలుపుతాను బావా..." అన్నాడు చివరికి.

"నువ్వు ముట్టుకోకు" అంది టైలరమ్మ. కాగితాలు నాలుగు మడతలు పెట్టి కొలతల పుస్తకం కింద దోపింది. "వెనకవైపు ఖాళీగా ఉంది. కొలతలు రాసుకుంటాను."

నేనే చేశాను అంతా. నడవా అద్దం ఊడదీసి కుట్టుగదిలో కిటికీ పక్కన పెట్టాను. ఇప్పుడు వచ్చినవాళ్ళు అందులో చూసుకుని మురిసిపోతున్నారు. అద్దం చెడ్డది కాదు, పెట్టిన చోటు చెడ్డది. చిమ్నీ గొట్టం సరిగ్గా బయటికి తీశాను. గొట్టం చుట్టూ కాస్త సందు పిల్లి కోసం ఉంచాను. మూడు కుండల మూతులు ఇటుకతో మూసి నాలుగోదానికి చెయ్యెత్తితే, ఆమె ఆపింది.

"ఒకటి ఉండనివ్వండి బాబాయ్. అది మోగినంతకాలం సిగ్గుకైనా మీ బావమరిది నా గడప తొక్కడు."

నాకు నచ్చింది. వదిలేశాను. నెల తిరిగేసరికి కూనలు కిందికి దిగి ఆమె మిషను కింద కాపురం పెట్టాయి. అప్పుడు ఐదోది కూడా మూసి, ఆ సందుకి జాలీ కొట్టాను. ఇక మిగిలింది ఒక్క కుండ. ఒక్క గొంతు.

మొన్న చొక్కా పొట్టి చేయించుకోవడానికి వెళ్ళాను. చీకటి పడుతోంది. ఆమె దారం ఎక్కిస్తూ మామూలుగా అంది:

"బాబాయ్, రాత్రి గాలికి రెండు గొంతులు వినిపించాయి."

"పిల్లి అయ్యుంటుంది తల్లీ."

"పిల్లి నా ఒళ్ళోనే ఉంది. అదీ పైకే చూస్తోంది."

నేను సీలింగ్ వంక చూశాను. మూసింది నా చేత్తోనే. నా తాపీతోనే. నేను మూసింది మళ్ళీ తెరుచుకోదు.

"మరి... రెండోది ఎవరంటావు?" అన్నాను. గొంతు ఎందుకో తగ్గింది.

ఆమె దారం పళ్ళతో తెంపింది. "ఎవరైతేనేం బాబాయ్? డిజైనర్ మాత్రం కాదు గదా. ఉండనీ. ఇల్లు నాది, ఉండమన్నది నేను."

మిషను మళ్ళీ గడగడలాడింది.

ఆ పడమటి గోడ పక్క నుంచి పోతే మా ఇల్లు నాలుగడుగులు. ఆ రోజు మాత్రం వీధి చుట్టూ తిరిగి వెళ్ళాను.

మోకాళ్ళకి నడక మంచిదని డాక్టరు చెప్పాడు.