నున్నటి గీత

బిట్రగుంటలో రైలు దిగేసరికే ఆకాశం మూసుకుపోయి ఉంది. తుఫాను కాదు, అల్పపీడనమే. కానీ ఎండ లేని రోజంటే రొయ్యల గుంటల వాళ్ళకు దడ. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే ఒక్క పూటలో పంటంతా పోతుంది. అది ముందే కనిపెట్టి సైరన్ మోగించే పెట్టెలు నేను తయారుచేస్తాను. నెల్లూరులో నాదొక చిన్న షాపు.

నీళ్ళలో వేలాడే సెన్సరు ఇచ్చే వోల్టేజీ చాలా చిన్నది. దాన్ని పెద్దది చేసి, దారిలో కలిసే చెత్తను వడగట్టి, సైరన్‌కు అందించడం నా బోర్డు పని. ఆ చెత్తనే మేం నాయిస్ అంటాం. ఏది చెత్తో ఏది కాదో ఒక్క చూపులో చెప్పగలనని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

స్వర్ణక్క వాళ్ళ గుంట ఉప్పుటేటి పక్కనే. ఆమె, మొగుడు చిన్నపోలయ్య చేపల వేట మానేసి గుంట కౌలుకు తీసుకున్నారు. నేను వెళ్ళేసరికి ఆమె కట్ట మీద కూర్చుని చేతిలో ఒక తాడు పట్టుకుని ఉంది. తాడు రెండో కొస కట్ట అవతలికి దిగి, జమ్ములో కనబడకుండా పోయింది.

“నాలుగు దినాలుగా నీ పెట్టె ఒకటే కూత పాపా,” అంది. “పరిగెత్తిపోయి చూస్తే రొయ్యలు బాగానే ఉంటాయి. కంటిమీద కునుకు లేదు మాకు.”

“అన్న యాడక్కా?”

“ఏట్లో దిగినాడు. తూముకాడ వల చుట్టుకుపోయింది. పోటు రాకముందే విడదీయాలంట.”

ఆ తీరంలో గాలికి కేక వినబడదు. అందుకే నీళ్ళలో దిగేవాడు నడుముకు తాడు కట్టుకుంటాడు, ఇంటి మనిషి రెండో కొస పట్టుకుని గట్టున కూర్చుంటుంది. వేటకు పోయే వాళ్ళ పద్ధతి. లోపలివాడు కుదిపితే లాగాలి. అంతే.

చినుకులు మొదలయ్యాయి. పెట్టె మూత తీస్తే బోర్డు తడుస్తుంది. “అక్కా, కాస్త గొడుగు పట్టుకో,” అన్నాను.

ఆమె తాడు వైపు చూసింది. నా వైపు చూసింది.

“ఆ కర్రకు కట్టేసి రా అక్కా. ఎక్కడికీ పోదులే.”

ఆ మాట అన్నది నేనే. నీళ్ళలోకి సెన్సరు వేలాడదీసిన సరుగుడు కర్రకు ఆమె తాడు ముడేసి వచ్చింది.

మధ్యాహ్నమే అయినా దీపం పెట్టాల్సినంత చీకటి. తడిసిన మేత కంపు, బురద కంపు. వోల్టేజీని తెర మీద గీతగా చూపే నా చిన్న స్కోపు వైర్లు బోర్డుకు తగిలించాను. తెర మీద గీత వెలిగింది. సాఫీగా పోవలసిన గీత. అది ఎగురుతోంది... రెండు ముళ్ళు దగ్గర దగ్గరగా. కాస్త ఖాళీ. మళ్ళీ ఒకటి.

రెండు. ఒకటి. రెండు. ఒకటి.

నీళ్ళు చిలికే మోటారు వల్లేనేమోనని ఒక్క క్షణం ఆపించాను. చప్పుడు ఆగింది. సరుగుడు తోపులో గాలి ఒక్కటే మిగిలింది. ముళ్ళు ఆగలేదు. ఇంకా పొడుగయ్యాయి, తొందరపడ్డాయి.

ఎక్కడినుంచి వస్తున్నాయో వెతకాలి. అదే సరైన పద్ధతి, షాపులో పిల్లలకు నేనే చెబుతాను. కానీ బురదలో చెప్పులు దిగబడుతున్నాయి, చినుకు పెరుగుతోంది, నాకు రైలు అందుకోవాలని ఉంది. నాలుగు రోజులుగా ఉన్న రోగమే కదా అనుకున్నాను. సంచిలోంచి, ఎగుడుదిగుళ్ళను మింగేసే పెద్ద కెపాసిటర్ ఒకటి తీసి టంకంతో అతికించాను. గీత నున్నగా అయిపోయింది.

మురిసిపోయాను. సిగ్గులేకుండా మురిసిపోయాను. స్కోపులో దాచుకున్న పాత బొమ్మను తెర మీదకు తెచ్చి స్వర్ణక్కకు చూపించాను. “ఇదిగో అక్కా, ముందు ఇట్టా ఎగిరేది. అంతా చెత్త. ఇప్పుడు లేదు.”

ఆమె వంగి చూసింది. ఆమె పెదవులు కదిలాయి.

“రెండు... ఒకటి...”

గొడుగు కింద పడింది.

“పైకి లాగమని పాపా! మావోళ్ళు అట్టనే కుదుపుతారు!”

పరిగెత్తాం. తాడు తీగలా బిగుసుకుని ఉంది. ఇద్దరం కలిసి లాగాం. రాలేదు. పోటు వచ్చేసింది, జమ్ము సగం మునిగింది. మళ్ళీ లాగాం. ఏదో తెగినట్టయి ఒక్కసారిగా వదులైంది. చిన్నపోలయ్య వెల్లకిలా తేలి వచ్చాడు. కళ్ళు తెల్లగా... కట్ట మీద బోర్లా తిప్పి వీపు మీద గుద్దితే నీళ్ళు కక్కాడు. ఊపిరి పీల్చాడు. స్వర్ణక్క అతని తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నాకు ఏడ్చే మొహం కూడా లేదు.

“నన్ను క్షమించన్నా. నువ్వు తాడు కుదుపుతానే ఉన్నావు. నేనే చూసి కూడా...”

అతను తల అడ్డంగా ఊపాడు. రెండు చేతులూ ఎత్తి చూపించాడు. మణికట్ల చుట్టూ వల తాళ్ళు కోసిన ఎర్రటి గాట్లు.

“నేను యాడ కుదిపినా పాపా? దిగిన కాసేపటికే చేతులు రెండూ వల్లో ఇరుక్కుపోయినాయి.”

స్వర్ణక్క పెట్టె వైపు తల తిప్పింది.

“నాలుగు దినాలుగా...” స్వర్ణక్క గొంతు తగ్గించింది. “నాలుగు దినాలుగా కూస్తా ఉండాది. ఈ పొద్దు దాకా తాడే కట్టలేదు గదా మనం.”

నమ్మలేక పెట్టె దగ్గరికి వెళ్ళాను. తాడు విప్పి కట్ట మీద వేసేశారు. ఏట్లో ఎవరూ లేరు. కర్ర కదలడం లేదు. కెపాసిటర్ ఊడబెరికాను.

రెండు. ఒకటి.

ముళ్ళు తెర పై అంచును తాకుతున్నాయి.

స్వర్ణక్క నా భుజం వెనక నిలబడి చూసింది. “ఎవురో... పైకి లాగమంటా ఉండారు,” అంది గుసగుసగా.

“యాడికి లాగుతావు? ఎవుర్ని లాగుతావు?” చిన్నపోలయ్య కూర్చున్నచోటి నుంచే అన్నాడు. వణుకుతున్నాడు. “మనకొద్దు.”

“అది మళ్ళా పెట్టేయి పాపా. మాకు కనబడకుండా చేసేయి,” అంది స్వర్ణక్క.

పెట్టేశాను. తొందరలో వేలు కాల్చుకున్నాను. భయంతో కాదు. వాళ్ళు అడగ్గానే నాకు హాయిగా అనిపించింది, అందుకు. ఎవరో అంతసేపు అడుగుతుంటే వినబడకుండా చేయడం నాకు చేతనైన పని.

గీత నున్నగా అయింది. చూస్తూ కూర్చున్నాను. కెపాసిటర్ మింగేది చురుగ్గా ఎగిరేదాన్నే. నింపాదిగా పెరిగి తరిగేదాన్ని వదిలేస్తుంది. ఆక్సిజన్ మారేది అలాగే కాబట్టి వదలాలి.

గీత పైకి లేస్తోంది.

నెమ్మదిగా... చాలా నెమ్మదిగా. గుట్టలా లేచి, దిగింది. మళ్ళీ లేచింది. దిగింది. అక్కడ చదునుగా ఉండిపోయింది. ఇంకొక్కసారి లేచింది.

అది నేర్చుకుంది.

“సరిపోయిందా పాపా?” స్వర్ణక్క అడిగింది.

స్కోపు తెరను నా పొట్టవైపు తిప్పుకున్నాను. “సరిపోయిందక్కా,” అన్నాను. మూత పెట్టి స్క్రూలు బిగించాను.

చిన్నపోలయ్య తడి తాడును మోచేతికి చుట్టలు చుట్టుకుంటున్నాడు. పోటు తీసినాక మళ్ళీ దిగి మిగతా వల విడదీస్తానన్నాడు. నేనేమీ అనలేదు.